ఎర్ర దారం కట్టిన ఫారం

"రోగమొస్తేనే లాభమొచ్చే బేరం మనకెందుకు కొడకా" అని కొమురవ్వ అనడం అది మూడో రోజు. మూడు రోజులుగా లక్ష్మీరాజం చెప్పే జవాబు కూడా ఒక్కటే.

"రోగం మీద గాదే అవ్వా, మందు మీద పెడుతున్న. టీకా కంపెనీ అది. మన హైదరాబాదుది."

"ఏదైతేంది. రోగం లేకుంటే టీకా ఎవడు ఏస్కుంటడు?"

"నీకు సమజ్ గాదు తియ్యి."

"నాకు సమజ్ గాలె, సరే. నీ పెండ్లానికి సమజైందా, అడుగు."

పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతున్న వజ్రమ్మ తలెత్తలేదు. అత్తాకోడళ్లు ఒక పక్క నిలబడటం ఆ ఇంట్లో ఏడాదికొకసారి జరిగే సంగతి. తొందరపడి మాట్లాడి దాన్ని పాడు చేసుకోవడం ఆమెకిష్టం లేదు.

"నేను చెప్పేది మొన్ననే చెప్పిన" అంది రొట్టె తిరగేస్తూ. "ఇంటి సేఠు నెలాఖరు దాకనే ఆగుతనన్నడు. బయానా పైసలు ముందుగాల ఇయ్యకపోతే ఈ గదులు వేరేటోళ్లకు అమ్ముతడు. ఆ వచ్చినోడు నా పొయ్యిని ఈడ ఉండనిస్తడా?"

"రెండు నెలలు, వజ్రా. షేర్లు పెరిగినంక అమ్ముత. ఈ రెండు గదులేంది, మీద ఇంకో గది సుత కొందం."

"సేఠు రెండు నెలలు ఆగుతడా?"

"అడుగుత."

"అడిగినవా?"

లక్ష్మీరాజం రొట్టె తుంచి కూరలో అద్దుకున్నాడు. అడగలేదని అందరికీ అర్థమైంది.

సూరత్‌లోని వడోద్‌లో ఆ రెండు గదుల్లో వాళ్లు అద్దెకుంటూ పన్నెండేళ్లు. సిరిసిల్ల నుంచి వచ్చిన చాలా ఇళ్లలాగే వాళ్లదీ సాంచెల మీద బతికే ఇల్లు. సాంచె అంటే కరెంటు మగ్గం. లక్ష్మీరాజం, తమ్ముడు బుచ్చిరాములు పాండెసరాలో ఒకే కార్ఖానాలో, ఒకే వరసలో ఉన్న సాంచెలు నడుపుతారు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా అన్న, ఆ తర్వాత తెల్లారేదాకా తమ్ముడు. ఒకే ఇంట్లో ఉన్నా అన్నదమ్ములు ఒకరికొకరు కనిపించేది పాళీ మారేటప్పుడు ఐదు నిమిషాలు, ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి చేతులతో చెప్పుకోవడమే. ఇద్దరూ కలిసి కూర్చుని తినేది సోమవారం ఒక్కరోజు. ఆ రోజు కార్ఖానాలతోపాటు వాళ్ల వాడకూ కరెంటు బందు.

వజ్రమ్మ ముందు గదిలో పొయ్యి పెట్టి, ఒంటరిగా ఉండే మనవాళ్లకు టిఫిన్ బాక్సులు కడుతుంది. రొట్టె, పప్పు, ఒక తొక్కు. ఇంటి కోసం దాచిన సొమ్ములో సగం ఆ బాక్సులదే. ఆ సంగతి ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. ఈ మూడు రోజుల్లో మాత్రం రెండుసార్లు నోటిదాకా వచ్చింది.

స్వైన్ ఫ్లూ వచ్చిన తర్వాతి శీతాకాలం అది. మార్కెట్లో చేతిరుమాళ్లు ముక్కులకెక్కాయి. బస్సులో ఎవరైనా దగ్గితే చుట్టూ జాగా ఖాళీ అయ్యేది. రోజూ గుజరాతీ పేపర్లో ఒక మూల, ఊరిలో ఎంతమందికి అంటుకుందో లెక్క వేసేవాళ్లు. అప్పుడే ఫారాలు నింపే ఉమాకాంత్, హైదరాబాదులో ఒక కంపెనీ ఈ ఫ్లూకి టీకా తయారు చేస్తోందని, షేర్లు జనానికి అమ్ముతోందని కార్ఖానా గేటు దగ్గర చెప్పాడు. సూరత్‌లో చాయ్ బండి వాడు కూడా షేర్ల మాట మాట్లాడతాడు. ఇరవై ఏళ్లుగా విని ఊరుకున్న లక్ష్మీరాజం ఈసారి ఊరుకోలేకపోయాడు.

దానికో కారణం ఉంది. ప్లేగు వచ్చినప్పుడు వాళ్లు ఈ ఊరు విడిచి పారిపోయారు. ఏడాది పిల్ల సింధూజ ముఖానికి తడిగుడ్డ కట్టి, రైల్లో తలుపు పక్కన నిలబడి సిరిసిల్ల చేరారు. రెండు నెలల తర్వాత తిరిగొస్తే లక్ష్మీరాజం సాంచెల మీద వేరేవాళ్లున్నారు. "భయపడి ఉరికినోనికి గంతే దక్కుతది. ఈసారి ఉరుకను" అని అతను ఈ మధ్య పదేపదే అంటున్నాడు.

"గుడ్లల్ల పెంచుతరట అవ్వా ఆ టీకాను" అన్నాడు ఇప్పుడు, మాట మార్చడానికి. "కోడిగుడ్లల్ల. వేలకు వేలు గుడ్లు."

"గుడ్లయితే మన గల్లీ మూలకు బండి మీదనే ఉన్నయి" అంది కొమురవ్వ. "దానికి హైదరాబాదు దాక పైసలెందుకు పంపుడు?"

మూల కూర్చుని చదువుకుంటున్న సింధూజ పుస్తకం వెనక ముఖం దాచుకుని నవ్వింది. "బాపమ్మా, నువ్వే కంపెనీ పెట్టు. చల్ జాయేగా."

లక్ష్మీరాజం కూడా నవ్వాడు. కానీ చెయ్యి కడుక్కుని వచ్చి, ట్యూబ్‌లైటు కింద కూర్చుని, ఉమాకాంత్ పెన్సిలుతో గుర్తులు పెట్టిచ్చిన ఫారంలో పెన్నుతో రాయడం మొదలుపెట్టాడు. చెక్కు మీద సంతకం పెట్టేటప్పుడు అతని చెయ్యి కాసేపు ఆగడం వజ్రమ్మ చూసింది. తర్వాత కదిలింది.

"రేపే ఆఖరు" అన్నాడు. "మూడు గంటల లోపల బ్యాంకుల ఇయ్యాలె. బుచ్చిగానికి ఇయ్యి. ఫారం మడత పెట్టొద్దన్నడు ఉమాకాంత్, జర చూడు."

మర్నాడు పొద్దున లక్ష్మీరాజం వెళ్లాక, వజ్రమ్మ బాక్సులు సర్దుతూ ఆ ఫారం తీసింది. మడత పెట్టొద్దన్నారు. షెల్ఫు మీద పరిస్తే బల్లి తొక్కుతుంది, పోపు చెయ్యి తగులుతుంది. చెక్కు లోపల పెట్టి గొట్టంలా చుట్టింది. విప్పుకోకుండా ఏదైనా కట్టాలి. రాత్రి సింధూజ లంగాకు కుట్లు వేసిన దారం గూట్లో సూదితోపాటే ఉంది. ఒక మూర తెంపి, రెండు చుట్లు తిప్పి ముడేసింది. బ్యాంకు కాగితాలు ఎప్పుడూ పెట్టే చోట, షెల్ఫు మీద మార్కండేయుడి పటం పక్కన నిలబెట్టి, బాక్సుల సంచులు రెండు భుజాలకు తగిలించుకుని బయటపడింది. ఆమెకు తొందరగా ఉంది. ఎనిమిదింటికల్లా బాక్సు అందకపోతే, అదే కార్ఖానాలో పనిచేసే ఆగయ్య రోజంతా సణుగుతాడు.

తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. బుచ్చిరాములు లోపలి గదిలో పరదా వెనక నిద్రపోతున్నాడు. అతని భార్య ఉషాదేవి గుమ్మంలో కూర్చుని చీరకు రాళ్లు అంటిస్తోంది. షెల్ఫు మీద ఫారం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఉషా, బుచ్చిరాములు బ్యాంకుకు పోలేదా?"

"పోలేదక్కా. బావ వద్దనుకున్నడట గదా."

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పుడేంది. ఎర్ర దారం కట్టి పెట్టిండు. చూడంగనే 'అన్న ఆపిండు, మంచిగైంది' అనుకుంట పండుకున్నడు."

వజ్రమ్మ షెల్ఫు వైపు చూసింది. అప్పుడు కనబడింది ఆ దారం రంగు.

ఏ సాంచెకైనా లోపం ఉంటే, మిస్త్రీ వచ్చేదాకా నడపొద్దని దాని పిడికి ఎర్ర దారం కట్టడం ఆ కార్ఖానాలో పద్ధతి. పాళీ మారి వచ్చినవాడు ఆ దారం చూస్తే సాంచె జోలికి పోడు, ఎందుకని కూడా అడగడు. కట్టినవాడే వచ్చి విప్పాలి. ఒకసారి ఎవరో కుర్రతనం కొద్దీ విప్పి స్విచ్చి వేస్తే, లోపల చెయ్యి పెట్టి ఉన్న ఆగయ్యకు రెండు వేళ్లు పోయాయి. అప్పటినుంచి ఆ మాట దాటిన నేతగాడు లేడు. ఆ అలవాటు కార్ఖానా దాటి ఇళ్లలోకీ వచ్చింది. చెడిపోయిన ఫ్యాను స్విచ్చికీ, కారుతున్న నల్లాకూ వాళ్లింట్లో ఎర్ర దారమే.

అన్నీ తెలిసిన వజ్రమ్మ, చేతికి దొరికిందని ఆ దారమే కట్టింది.

గోడ గడియారం చూసింది. బ్యాంకు పది నిమిషాల దూరం. ఇప్పుడు లేపినా బుచ్చిరాములు ముఖం కడుక్కుని, చాయ్ తాగి, నింపాదిగా వెళ్లొచ్చు. ఆమె లోపలికి వెళ్లి పరదా పట్టుకుంది. మరిది బోర్లా పడుకుని ఉన్నాడు. రాత్రంతా నిలబడ్డ కాళ్లు మంచం బయటికి చాచి ఉన్నాయి. పరదా వదిలేసి వచ్చింది.

ఖాళీ బాక్సులు నల్లా కింద పోసి కడగడం మొదలుపెట్టింది. తొందరలేని చేతులతో, మూతల గాడుల్లో పేరుకున్న పప్పు కూడా పీచుతో తీసి కడిగింది. ఇప్పుడు లేపుదాం అనుకుంది. ఈ ఒక్క గిన్నె అయినాక అనుకుంది. నేను కట్టిన దారం, నేనే విప్పాలి కదా అని కూడా అనుకుంది. గిన్నెలైపోయాయి. మళ్లీ బియ్యం ముందేసుకుని రాళ్లేరింది. తలెత్తి చూసేసరికి మూడుంపావు.

కట్టడం పొరపాటు. అంతవరకు ఆమె మనసు ఒప్పుకుంది. కూర్చోవడం మాత్రం పొరపాటు కాదు. ఆ తర్వాత లేచి, ఆ చుట్టను తీసి తన పెట్టెలో చీరల అడుగున పెట్టడం అసలే కాదు.

నిద్ర లేచిన బుచ్చిరాములు షెల్ఫు ఖాళీగా ఉండటం చూసి, అన్న చెప్పగా వదిన తీసేసిందనుకున్నాడు. రాత్రి ఇంటికొచ్చిన లక్ష్మీరాజం షెల్ఫు ఖాళీగా ఉండటం చూసి, తమ్ముడు బ్యాంకులో ఇచ్చాడనుకున్నాడు.

"ఇచ్చిండా?" అని మాత్రం అడిగాడు.

"పొద్దుగాల ఆడ పెట్టిన" అంది వజ్రమ్మ. అది అబద్ధం కాదు.

లక్ష్మీరాజం శుక్రవారం పొద్దున పేపరు కొన్నాడు. గుజరాతీ అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు, కానీ చదివింది ఆ మూలనుండే రోగం లెక్క ఒక్కటే. శనివారం మళ్లీ కొన్నాడు. ఆ సాయంత్రం సింధూజ ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. పక్క గల్లీలో ఉండే హిమశ్రీ, తన క్లాసు పిల్ల, నాలుగు రోజుల జ్వరం, దవాఖానకు తీసుకుపోయారట. గొంతులోంచి దూదితో ఏదో తీసి పరీక్షకు పంపారట.

"దానికి స్వైన్ ఫ్లూ ఐతే మా క్లాస్ అంత బందే" అంది సింధూజ. ఆ మాటలో దిగులే తప్ప సెలవుల సంబరం లేదు.

లక్ష్మీరాజం చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆ పూట కంచంలో అన్నం సగానికి సగం వదిలేశాడు. వజ్రమ్మ కూడా వదిలేసింది. మొగుడూ పెళ్లాలు ఒకరి కంచం ఒకరు చూసుకున్నారు.

"ఏమైంది మీకిద్దరికి" అంది కొమురవ్వ. "జొరం మనింటికే వచ్చిందా ఏంది?"

సోమవారం కరెంటు బందు. హిమశ్రీకి వచ్చింది మామూలు జ్వరమేనని పొద్దున్నే తెలిసింది. సింధూజ ఆ కబురు పట్టుకుని ఇంట్లో ప్రతి మనిషికీ విడివిడిగా చెప్పింది. ఆ ఉత్సాహంలోనే అందరూ డుమస్ బీచికి వెళ్దామని పట్టుపట్టింది. బస్సులో కొమురవ్వ ముక్కుకు కొంగు చుట్టుకుని కూర్చుంది.

సముద్రం వెనక్కి పోయి ఉంది. నల్లటి తడి ఇసుక మీద సింధూజ, ఉషాదేవి ముందు నడుస్తున్నారు. కొమురవ్వ చెయ్యి పట్టుకుని బుచ్చిరాములు నడిపిస్తున్నాడు. టమాటా భజియాల బండి దగ్గర పొట్లం కోసం లక్ష్మీరాజం నిలబడితే, వజ్రమ్మ అతని పక్కన ఆగిపోయింది. ఈరోజు చెప్పాలని ఆమె బస్సెక్కేటప్పుడే అనుకుంది. నోరు తెరిచేలోపు అతనే మొదలుపెట్టాడు.

"వజ్రా, నేనొక తప్పు పని చేసిన."

"ఏంది?"

"శనారం పేపర్ల ఆ లెక్క పెరిగింది. చూసిన. చూడంగనే మనసుల ఖుషైంది. బయటికి గాదు, లోపట. షేరు పెరుగుతది గదా అని. గప్పుడే బిడ్డ వచ్చి హిమశ్రీ సంగతి చెప్పింది." పొట్లం కట్టే మనిషి చేతులవైపే చూస్తూ మాట్లాడుతున్నాడు. "అవ్వ చెప్పినప్పుడు ముసల్ది, తెల్వదనుకున్న. దానికి తెలిసిందే నాకు తెల్వలె. నిన్న ఉమాకాంత్ దగ్గరికి పోయిన, ఫారం వాపస్ తీస్కుంటనని. ఫారాలు తీస్కునుడు బందైనంక ఏం జేయరాదన్నడు. ఇగ రెండు నెలలు రోజూ ఆ లెక్క చూసుకుంట బతకాలె."

భజియాల పొట్లం చేతికి వచ్చింది. వేడికి కాగితం నూనె కక్కుతోంది.

"చూసే పని లేదు" అంది వజ్రమ్మ.

"అంటే?"

"ఫారం పోలేదు. నా పెట్టెల ఉన్నది."

అప్పుడు ఆమె మొత్తం చెప్పింది. మడత పెట్టొద్దన్నందుకు చుట్టిన సంగతి, లంగా కుట్టిన దారం, బుచ్చిరాములు అనుకున్నది. అంతవరకు చెప్పి ఆగితే సరిపోయేది. ఆమె ఆగలేదు. గడియారం చూసిన సంగతీ, పరదా పట్టుకుని వదిలిన సంగతీ చెప్పింది.

లక్ష్మీరాజం ఒక భజియా తీసి నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత నవ్వు మొదలైంది. భజియా నోట్లో ఉండగా నవ్వు రావడంతో పొలమారి దగ్గు అందుకుంది. ముఖం ఎర్రబడి, వంగిపోయి దగ్గుతుంటే, పక్కన నిలబడ్డ నలుగురు ముక్కులు మూసుకుని దూరం జరిగారు. బండివాడు కూడా భజియాల పళ్లెం మీద గుడ్డ కప్పాడు.

"కుఛ్ నహీ భాయ్, మిర్చీ" అంది వజ్రమ్మ బండివాడితో, మొగుడి వీపు మీద చరుస్తూ. ఆమెకూ నవ్వొచ్చింది. ఎందుకో కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

దగ్గు తగ్గాక అతను కళ్లు తుడుచుకున్నాడు. భుజాలు కిందికి దిగాయి. నాలుగు రోజులుగా అవి పైకి బిగుసుకుని ఉన్నాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

"మూడు గంటల దాక ఏం జేసినవ్?"

"బాక్సులు కడిగిన. బియ్యం ఏరిన."

"నేను ఇది చెప్పకపోతే నువ్వు చెప్తుంటివా?"

"ఇయ్యాల చెప్దామనే అనుకున్న." కొంగుతో కళ్లు తుడుచుకుని, "చెప్పకపోతుంటినేమో సుత. తెల్వది" అంది.

అతను ఆ మాటను కాస్త నమిలాడు. అది నచ్చలేదని ముఖంలో కనబడింది. ఆమె ఆ నచ్చకపోవడాన్ని ఒప్పుకుని నిలబడింది.

"నా పైసలు సుత ఉన్నయి అందుల" అంది, చివరికి. "నన్నెవరు అడగలె."

"అడగలె" అన్నాడు లక్ష్మీరాజం. "నిజమే."

ఇసుక మీద నుంచి సింధూజ కేక పెట్టింది, భజియాలు చల్లారిపోతున్నాయని. ఇద్దరూ అటు నడిచారు.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది, కరెంటు తిరిగొచ్చింది. వజ్రమ్మ వేడిగా అన్నం వండి, పచ్చిపులుసు చేసింది. రెండు గదుల మధ్య గుమ్మానికి అటూ ఇటూ చాప పరుచుకుని ఆరుగురూ కూర్చున్నారు. అన్నం వడ్డించాక ఆమె పెట్టె తెరిచి ఆ చుట్ట తెచ్చి, లక్ష్మీరాజం మోకాలి దగ్గర పెట్టింది.

బుచ్చిరాములు దాన్ని చూసి, "గిది ఇంకా ఉన్నదా అన్నా? నువ్వు చింపేసినవనుకున్న" అన్నాడు.

"కట్టింది నేను గాదురా. మీ వదిన."

బుచ్చిరాములు చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మరి నేను బ్యాంకుకు పోవాల్సుండె గదా. నువ్వు నన్ను తిట్టలేదేంది?"

"నువ్వు పద్ధతి తప్పలె. ఎర్ర దారం చూసినవ్, ఆగినవ్. నిన్నెందుకు తిడుత?"

"అక్కా, నువ్వా?" అని ఉషాదేవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సింధూజ తల్లివైపు కొత్తగా చూసింది. కొమురవ్వ మాత్రం పచ్చిపులుసు జుర్రుకుంటూ, "ఉల్లిగడ్డ జర తక్కువైంది" అంది.

"విప్పు" అన్నాడు లక్ష్మీరాజం, చుట్టను భార్య వైపు జరిపి. "కట్టినోళ్లే విప్పాలె."

ముడి బిగుసుకుపోయింది. వజ్రమ్మ గోటితో లాగి, రాక, పంటితో తెంపింది. ఫారం విప్పుకుని మళ్లీ తనంతట తానే చుట్టుకుపోయింది. అతను దాని లోపలి చెక్కు తీసి నాలుగు ముక్కలు చేసి, ఫారాన్ని సింధూజకు ఇచ్చాడు. "వెనక తెల్లగున్నది, లెక్కలు చేస్కో."

"మరి టీకా, బాపూ?" అంది సింధూజ.

"టీకా రానీ. మంచిదే. వచ్చినంక సర్కారు దవాఖానల ఇస్తే అట్ల, లేకుంటే కొనుక్కొనైనా అందరం ఏయించుకుందం. అవ్వ సుత."

"గుడ్లదే గదా" అంది కొమురవ్వ. "ఏస్కుంట."

లక్ష్మీరాజం మజ్జిగ పోసుకుని, అన్నం కలిపి, తల ఎత్తకుండానే, ఉప్పు అడిగినంత మామూలు గొంతుతో చెప్పాడు.

"రేపు బుచ్చిరాములు లేచినంక సేఠు దగ్గరికి పోయి బయానా ఇచ్చొస్తడు. గదులు కొంటున్నం. కాయితంల వజ్ర పేరు ముందు ఉంటది, నాది తర్వాత."

వజ్రమ్మ లేచి, గిన్నెలో మిగిలిన అన్నం అందరికీ మరోసారి వడ్డించింది.